బస్సు రంగు, మెట్రో బోర్డు, ఉర్దూ అక్షరం: హైదరాబాద్ రవాణా కొత్త రూపంలో మన చోటెంత?

హైదరాబాద్‌లో బస్సు, మెట్రో రెండూ ఒకే కాలంలో కొత్త గుర్తింపు వైపు కదులుతున్నాయి. 2024 మే నెలలో టీఎస్‌ఆర్టీసీ కాస్తా టీజీఎస్‌ఆర్టీసీ అయింది. 2025 సెప్టెంబర్‌లో మెట్రో నుంచి ఎల్ అండ్ టీ తప్పుకోవడానికి, రాష్ట్ర ప్రభుత్వమే దాన్ని తీసుకోవడానికి సూత్రప్రాయంగా ఒప్పందం కుదిరింది. యజమాని మారినా పేరు మారినా బోర్డులు, కార్డులు, యూనిఫాంలు, యాప్‌లు, బస్సు పక్కన రాతలు ఇవాళ కాకపోతే రేపైనా మార్చక తప్పదు. అంటే నగర రవాణాకు కొత్త ముఖం గీసే పని ఎప్పుడో అప్పుడు ఎవరో ఒకరి టేబుల్ మీదకి వస్తుంది.

"లోగో మారితే మనకేంటి? బస్సు టైముకి వస్తే చాలు" అనేవాళ్లే ఎక్కువ. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ స్టాప్‌లో నిలబడ్డ మనిషి దూరం నుంచి వస్తున్న బండిని చూసి ముందు తెలుసుకోవాల్సినవి మూడే. ఇది మన బస్సేనా? ఎక్కడికి పోతుంది? టికెట్ ఎంత, లేక ఫ్రీనా? ఈ మూడింటికీ జవాబు చెప్పేది రంగు, నంబరు, అక్షరం. డిజైనర్ల భాషలో దాన్ని బ్రాండ్ అంటారు. ప్రయాణికుడికి మాత్రం అది సమాచారం. ఆ సమాచారం ఎవరికి అందుతుంది, ఎవరికి అందదు అన్నదే అసలు విషయం. అందులో పాతబస్తీ కుటుంబాలకు, ఉర్దూ మాత్రమే చదివే పెద్దవాళ్లకు, ఏ భాషా చదవలేని ఆడవాళ్లకు చోటుందా లేదా అన్నది ఇప్పుడే అడగాలి. బోర్డులు అచ్చయి బిగించాక అడిగితే "వచ్చేసారి చూద్దాం" అన్న జవాబే వస్తుంది.

నాలుగు పేర్లు, ఒకటే బస్సు

ఈ నగరం బస్సుకు పేరు మారడం కొత్త కాదు. 1932లో నిజాం స్టేట్ రైల్వేలో భాగంగా 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా విభాగం మొదలైంది. 1958 జనవరిలో అది ఏపీఎస్‌ఆర్టీసీ అయింది. రాష్ట్ర విభజన తర్వాత టీఎస్‌ఆర్టీసీ వచ్చింది. రాష్ట్రం పొట్టి పేరు టీఎస్ నుంచి టీజీకి మారాక, 2024 మే 22న టీజీఎస్‌ఆర్టీసీగా మార్పు ప్రకటించారు.

ఇన్ని పేర్లు మారినా ఒక్క అక్షరం మాత్రం అలాగే నిలిచింది. ఆర్టీసీ బస్సుల నంబర్ ప్లేటులో కనిపించే జడ్ అక్షరం అది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తన తల్లి జహ్రా బేగం జ్ఞాపకంగా ఆ అక్షరం పెట్టించారని హైదరాబాద్ ఇళ్లల్లో తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ చిన్న అక్షరం కోసం ఎవరూ ఉద్యమం చేయలేదు, దాని మీద ఎవరూ ఖర్చూ పెట్టలేదు. అయినా నగరానికి, బస్సుకు మధ్య ఉన్న పాత బంధాన్ని అది ఇప్పటికీ మోస్తోంది. గుర్తింపు అంటే కొత్తగా గీసేది మాత్రమే కాదు, చెరపకుండా ఉంచేది కూడా అని దీన్ని చూస్తే అర్థమవుతుంది.

పేరు మార్చడం జీవో తీసినంత తేలిక. దాన్ని జనం నోటికెక్కించడం వేరే కథ. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ అని బోర్డు ఉన్నా ఆటో ఎక్కినవాళ్లు "ఇమ్లీబన్" అనే అంటారు. డ్రైవర్ కూడా అదే అంటాడు. కొత్త బోర్డులు రాసేవాళ్లు ఈ వాడుక పేర్లను పక్కన చిన్నగానైనా రాస్తే ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకీ, పాతవాళ్లకీ ఇద్దరికీ పని సులువవుతుంది. కర్నూలు నుంచో ఖమ్మం నుంచో పెళ్లికి వచ్చిన కుటుంబానికి చుట్టాలు ఫోన్‌లో చెప్పే పేరు ఒకటి, బోర్డు మీద కనిపించే పేరు ఇంకొకటి అయితే ఇబ్బంది పడేది ఆ కుటుంబమే.

చార్మినార్ లోగోలో ఉంటే సరిపోతుందా?

2024 మే నెల చివర్లో రెండు వివాదాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఆర్టీసీ పేరు మారగానే కొత్త లోగో అంటూ ఒక బొమ్మ ప్రచారంలోకి వచ్చింది. అందులో చార్మినార్, కాకతీయ తోరణం లేవంటూ సోషల్ మీడియాలో దుమారం లేచింది. అది అధికారిక లోగో కాదని, కొత్తది ఇంకా ఖరారు కాలేదని సంస్థ వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. అదే రోజుల్లో రాష్ట్ర రాజముద్రను కూడా మారుస్తారని, అందులోంచి చార్మినార్, కాకతీయ తోరణం తీసేస్తారని వార్తలు వచ్చాయి. రాచరికపు గుర్తులు వద్దన్నది ప్రభుత్వ వాదన. అవి చరిత్ర, సంస్కృతి అన్నది వ్యతిరేకించినవాళ్ల వాదన. నిరసనలు పెరగడంతో జూన్ 2న జరగాల్సిన కొత్త ముద్ర ఆవిష్కరణ వాయిదా పడింది.

ఆ నిరసనకు అర్థం ఉంది. 1591 నాటి కట్టడం ఈ నగరానికి పుట్టుమచ్చ లాంటిది. దాన్ని గుర్తులోంచి తీసేస్తున్నారంటే ముస్లింలకే కాదు, నగరంలో పుట్టి పెరిగిన ఎవరికైనా గుచ్చుకుంటుంది. అయితే ఒక్క విషయం పక్కన పెట్టి చూడాలి. చార్మినార్ బొమ్మ కోసం అంత గొంతు లేచింది. మరి చార్మినార్ వరకు మెట్రో రాకపోవడం మీద ఏళ్ల తరబడి అంత గొంతు లేచిందా?

2017 నవంబర్ 28న మియాపూర్‌లో మెట్రో ప్రారంభమైంది. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా రైలు నడవడంతో మొదటి దశ 69 కిలోమీటర్లతో ముగిసింది. అసలు ప్లానులో ఆ గ్రీన్ లైన్ ఫలక్‌నుమా దాకా వెళ్లాలి. ఎంజీబీఎస్ దగ్గరే ఆగిపోయింది. మ్యాపులో మూడు రంగుల గీతలు ఉంటాయి. మూసీ దాటి పాతబస్తీలోకి వెళ్లే గీత మాత్రం లేదు. 2024 మార్చి 8న ఫలక్‌నుమా దగ్గర ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి పాతబస్తీ మెట్రోకు శంకుస్థాపన చేశారు. ఇప్పుడు ఆ మార్గాన్ని ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్లుగా రెండో దశలో చేర్చారు. ఐదు మార్గాలు, 76.4 కిలోమీటర్లు, 24,269 కోట్ల రూపాయల అంచనాతో ఆ రెండో దశ ప్రతిపాదన కేంద్రానికి వెళ్లింది. రోడ్డు వెడల్పులో ఆస్తులు పోయేవాళ్లకు గజానికి 81 వేల రూపాయల లెక్కన పరిహారం చెక్కులూ ఇచ్చారు.

అంటే పాతబస్తీ ఇప్పటికే తన వంతు ఇస్తోంది. దుకాణాలు, ఇళ్ల ముంగిళ్లు వదులుకుంటోంది. మరి ఆ త్యాగానికి తగ్గట్టు నగర రవాణా మ్యాపులో, బోర్డులో, పేరులో తన చోటు ఎంత అని అడిగే హక్కు దానికి ఉంది. స్టేషన్లకు సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్ పేర్లు పెడతామని మెట్రో అధికారులు చెప్పారు. అది మంచి మాటే. పేరు ఒక్కటే సరిపోదు, ఆ బోర్డును చదవగలిగేది ఎవరన్నదీ చూడాలి.

రంగు అంటే అలంకారం కాదు, లెక్క

రంగు ఎంత పని చేస్తుందో ఉచిత బస్సు ప్రయాణం వచ్చాక అందరికీ తెలిసింది. 2023 డిసెంబర్ 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం మొదలైంది. నగరంలో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు, జీరో టికెట్ ఇస్తారు. డీలక్స్, ఏసీ బస్సుల్లో డబ్బు కట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో అదే సౌకర్యం వచ్చింది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ అనే ఐదు రకాల బస్సులకే అది వర్తిస్తుంది.

ఇక్కడే రంగు విలువ. ఒక చేతిలో పసిబిడ్డ, ఇంకో చేతిలో సంచీ ఉన్న తల్లి బస్సు ఆగాక దగ్గరికి పోయి బోర్డు చదివి "ఇది ఫ్రీనా?" అని కండక్టర్‌ని అడిగే లోపు బస్సు కదిలిపోతుంది. దూరం నుంచే రంగు చూసి తెలుసుకోగలిగితే ఆమె ముందే రెండడుగులు వేస్తుంది. తెలియక డీలక్స్ ఎక్కితే చిల్లర వెతుక్కోవాలి, లేదా తర్వాతి స్టాప్‌లో దిగిపోవాలి. అది డబ్బు నష్టమే కాదు, నలుగురిలో చిన్నబోవడం కూడా.

చెన్నై ఈ ఇబ్బందిని ముందే చూసింది. 2021 మేలో తమిళనాడు సాధారణ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఇచ్చింది. ఏ బస్సు ఉచితమో తెలియక తికమక పడుతున్నారని 2022 ఆగస్టులో ఆ బస్సులకు గులాబీ రంగు వేయడం మొదలుపెట్టింది. మొదట్లో ముందు భాగం, వెనక భాగం మాత్రమే వేశారు. సగం రంగేమిటని జనం నవ్వుకున్నారు. కానీ స్టాప్‌లో నిలబడ్డవాళ్లకు కావాల్సింది బండి ముందు భాగమే. అందం సంగతి ఎలా ఉన్నా పని మాత్రం జరిగింది.

అయితే హైదరాబాద్ గుడ్డిగా గులాబీ వేసుకోవాల్సిన పని లేదు. ఆ బస్సుల్లో మగవాళ్లూ ఎక్కుతారు, డబ్బు కట్టి ఎక్కుతారు. "ఆడవాళ్ల ఫ్రీ బస్సు" అని ముద్ర పడితే కొందరి నోట అది ఎగతాళి అవుతుంది. దాని బదులు ప్రతి రకం బస్సుకూ ఒక్కటే రంగు, ఎప్పటికీ మారని రంగు పెట్టాలి. ఆర్డినరీకి ఒకటి, ఎక్స్‌ప్రెస్‌కి ఒకటి, డీలక్స్‌కి ఒకటి. ఎలక్ట్రిక్ బస్సు వచ్చినా, అద్దె బస్సు వచ్చినా, దాని రకాన్ని బట్టి అదే రంగు ఉండాలి. కంపెనీ ఇచ్చిన రంగులో కొత్త బండిని అలాగే రోడ్డెక్కిస్తే మొత్తం లెక్క చెడిపోతుంది. పైగా ఒంటినిండా ప్రకటన అతికించిన బస్సుకు రంగే కనిపించదు. ప్రకటనలు వద్దనడం లేదు, ఆర్టీసీకి ఆ ఆదాయం అవసరం. బండి ముందు భాగం, ఎక్కే తలుపు పక్క భాగం మాత్రం ప్రకటనలకు ఇవ్వకూడదన్న నియమం ఒక్కటి చాలు.

పార్టీ రంగు పూస్తే ఐదేళ్లే ఆయుష్షు

రంగు గురించి మాట్లాడితే రాజకీయం రాక మానదు. ఉత్తరప్రదేశ్‌లో బీఎస్పీ ఉన్నప్పుడు నీలం బస్సులు, సమాజ్‌వాదీ వచ్చాక ఎరుపు ఆకుపచ్చ లోహియా బస్సులు, 2017లో బీజేపీ వచ్చాక కాషాయం బస్సులు రోడ్డెక్కాయి. బస్సు రంగు చూసి ప్రభుత్వం ఎవరిదో చెప్పొచ్చు, కానీ ఆ బస్సు ఏ రకమో చెప్పలేం. తెలుగువాళ్లకూ ఇది తెలియని సంగతి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ భవనాలకు అధికార పార్టీ రంగులు వేస్తే 2020లో హైకోర్టు తీసేయమంది. సుప్రీంకోర్టు కూడా ఆ మాటనే నిలబెట్టింది. రంగులు వేసిన డబ్బూ, మళ్లీ చెరిపిన డబ్బూ రెండూ జనానివే.

బస్సు, మెట్రో గుర్తింపు ఐదేళ్ల పని కాదు. లండన్‌లో ఎర్ర వలయం, మధ్యలో నీలం పట్టీ ఉన్న గుర్తు 1908 నుంచి ఏదో ఒక రూపంలో బతికే ఉంది. బోర్డుల కోసం ఎడ్వర్డ్ జాన్‌స్టన్ గీసిన అక్షరాలు 1916లో వచ్చాయి. హ్యారీ బెక్ మ్యాపు 1933లో వచ్చింది. ఆ తర్వాత ప్రభుత్వాలు ఎన్నో మారాయి, సంస్థల పేర్లూ మారాయి. గుర్తు మాత్రం చిన్న చిన్న మార్పులతో నిలిచింది. తాతకు తెలిసిన గుర్తే మనవడికీ తెలుసు. దాని విలువ ఏ ఆస్తుల పట్టికలోనూ పూర్తిగా కనిపించదు, కానీ ప్రతిరోజూ పని చేస్తూనే ఉంటుంది. వ్యాపారంలో గుడ్‌విల్ అనేది ఇలాంటిదే. ప్రభుత్వం మారినప్పుడల్లా గుర్తును మార్చడమంటే కూడబెట్టిన గుడ్‌విల్‌ను చేతులారా పారబోయడమే.

ఉర్దూ అక్షరానికి ఎంత చోటు?

2017 నవంబర్‌లో తెలంగాణ అసెంబ్లీ ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాషగా చేసే బిల్లును ఆమోదించింది. చట్టం ఒక ఎత్తు, బోర్డు ఒక ఎత్తు. ఉర్దూ ఉందా లేదా అన్న ప్రశ్నతోనే చాలాసార్లు చర్చ ఆగిపోతుంది. ఉన్నది చదవగలిగేలా ఉందా అని అడిగేవాళ్లు తక్కువ.

దీని వెనక ఒక సాంకేతిక సంగతి ఉంది. ఉర్దూను మనం అలవాటుగా చదివే నస్తాలీఖ్ రాత ఏటవాలుగా పై నుంచి కిందికి జారుతుంది. దానికి నిలువు చోటు ఎక్కువ కావాలి. తెలుగుకూ అదే అవసరం. పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి. "చాంద్రాయణగుట్ట" అని రాయాలంటే అక్షరం కింద ఇంకో అక్షరానికి చోటు ఉండాలి. ఇంగ్లిష్ పెద్ద అక్షరాలకు పైనా కిందా ఈ బాధ లేదు, ఒక సన్న పట్టీలో సర్దుకుంటాయి. బోర్డు కొలతలను ఇంగ్లిష్‌ను బట్టి గీసి, మిగిలిన జాగాలో తెలుగును, ఉర్దూను ఇరికిస్తే రెండూ నలిగిపోతాయి. తెలుగు ఒత్తులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, ఉర్దూ చుక్కలు కనిపించకుండా పోతాయి. చుక్క పోతే ఉర్దూలో అక్షరమే మారిపోతుంది. ఈ విషయంలో తెలుగుకు, ఉర్దూకు మధ్య పోటీ లేదు. రెండింటిదీ ఒకటే కష్టం, ఒకటే డిమాండు. ముందు తెలుగు, ఉర్దూ అక్షరాలను పెట్టి బోర్డు కొలత నిర్ణయించాలి, ఆ తర్వాత ఇంగ్లిష్‌ను సర్దాలి.

బస్సు ముందు వెలిగే ఎల్‌ఈడీ బోర్డుల్లో ఈ సమస్య ఇంకా ఎక్కువ. తక్కువ చుక్కల వరుసలున్న బోర్డులో నస్తాలీఖ్ సరిగా రాదు. అలాంటి చోట ఖురాన్ చదివేవాళ్లకు అలవాటైన నస్ఖ్ రాత వాడితే చదవడం సులువు. సరైన సాఫ్ట్‌వేర్ లేకపోతే ఉర్దూ అక్షరాలు కలవకుండా విడివిడిగానో, తిరగబడో వస్తాయి. అలాంటి బోర్డు పెట్టడం కన్నా పెట్టకపోవడమే నయం. అందుకే అచ్చు వేసే ముందు ఉర్దూ తెలిసిన మనిషి ఒక్కసారి చూసి సంతకం పెట్టే పద్ధతి ఉండాలి. దీనికి కోట్లు అక్కర్లేదు.

"నాలుగు భాషలు రాస్తే బోర్డు గజిబిజి అవుతుంది" అనే అభ్యంతరం ఉంది. అది కొట్టిపారేసేది కాదు. కానీ ఇదే నగరంలో కాచిగూడ లాంటి రైల్వే స్టేషన్ల పసుపు బోర్డుల మీద తెలుగు, హిందీ, ఇంగ్లిష్‌తో పాటు ఉర్దూ కూడా ఏళ్లుగా ఉంది. ఎవరికీ కళ్లు తిరగలేదు. చోటు తక్కువున్న దగ్గర అన్నీ రాయాల్సిన పని లేదు. స్టేషన్ పేరు, చేరే ఊరు, దారి చూపే గుర్తు, ప్రమాద హెచ్చరిక ఈ నాలుగు చోట్ల మాత్రం అన్ని భాషలూ ఉండాలి. మిగతావి రెండింటితో నడుస్తాయి.

ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. తెలుగు ముస్లిం కుటుంబాల్లో చాలామంది పిల్లలు తెలుగు మీడియంలోనో, ఇంగ్లిష్ మీడియంలోనో చదివారు. గుంటూరు, నల్గొండ, కర్నూలు, ఖమ్మం వైపు ఇళ్లల్లో ఉర్దూ మాట్లాడతారు కానీ చదవడం తెలుగులోనే. హైదరాబాద్ పాతబస్తీలో పెద్దవాళ్లు ఉర్దూ చదువుతారు, తెలుగు తడబడతారు. అంటే ఒకే ఇంట్లో దాదీకి ఉర్దూ బోర్డు, మనవరాలికి తెలుగు బోర్డు కావాలి. ఏ ఒక్క భాష తీసేసినా ఆ ఇంట్లో ఎవరో ఒకరు పక్కవాళ్లను అడిగి ప్రయాణం చేయాల్సి వస్తుంది.

చదువు రానివాళ్లకు నంబరే దారి

ఏ భాషా చదవలేనివాళ్ల సంగతి? వాళ్లకు బస్సు నంబరే పెద్ద ఆధారం. 8ఏ అన్నా, 218 అన్నా, 49ఎం అన్నా ఈ నగరంలో అవి ఊళ్ల పేర్లలాగే పనిచేస్తాయి. కొత్త డిజైన్‌లో అన్నిటికన్నా పెద్దగా కనిపించాల్సింది లోగో కాదు, ఈ నంబరు. ముందే కాదు, పక్కన తలుపు దగ్గర, వెనక కూడా ఉండాలి. రద్దీ స్టాప్‌లో బస్సులు వరుసగా ఆగితే వెనకున్న బస్సు ముందు భాగం అసలు కనిపించదు కాబట్టి పక్క నంబరే దిక్కు.

మెట్రోకు మెక్సికో సిటీ మంచి పాఠం నేర్పుతుంది. 1969లో అక్కడ మెట్రో మొదలైనప్పుడు ప్రతి స్టేషన్‌కూ ఒక బొమ్మ గుర్తు పెట్టారు. డిజైనర్ లాన్స్ వైమన్ ఆ పనిలో ముఖ్యుడు. చదువు రానివాళ్లు కూడా బొమ్మ చూసి దిగేవాళ్లు. ఇప్పటికీ ఆ పద్ధతి ఉంది. పాతబస్తీ మార్గానికి ఇంతకన్నా సరిపోయే ఆలోచన ఏముంటుంది? చార్మినార్‌కు నాలుగు మీనార్లు, ఫలక్‌నుమాకు కొండ మీద మహల్, సాలార్‌జంగ్‌కు మ్యూజియంలో అందరూ చూడ్డానికి ఎగబడే గడియారం. మిగతా నగరానికీ ఇలాగే గీయొచ్చు. అప్పుడు చార్మినార్ లోగోలో ఉందా లేదా అన్న గొడవ కన్నా, చార్మినార్ గుర్తు చూసి ఒక పెద్దావిడ ఎవరినీ అడగకుండా దిగడం పెద్ద గౌరవం అనిపిస్తుంది.

ఒక నగరానికి ఒక మ్యాపు, ఒక కార్డు

ఇప్పుడున్న పెద్ద లోపం ఇంకొకటుంది. బస్సుది ఒక లోకం, మెట్రోది ఒక లోకం, 2003లో మొదలైన ఎంఎంటీఎస్‌ది ఇంకో లోకం. ఒకటి రాష్ట్ర సంస్థది, ఒకటి ఇన్నాళ్లూ ప్రైవేటు కంపెనీది, ఒకటి రైల్వేది. ఒక్కోదానికి ఒక్కో గుర్తు, ఒక్కో రంగుల పద్ధతి. ప్రయాణికుడికి మాత్రం ఇంటి నుంచి ఆఫీసు దాకా ఒకటే ప్రయాణం.

గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్లకు ఇందులో తేడా బాగా తెలుసు. దుబాయ్‌లో 2009లో మెట్రో వచ్చినప్పటి నుంచి నోల్ కార్డు ఒక్కటే మెట్రోకూ బస్సుకూ పనిచేస్తుంది, తర్వాత వచ్చిన ట్రాముకూ అదే కార్డు. బోర్డుల మీద అరబిక్, ఇంగ్లిష్ రెండూ పక్కపక్కన స్పష్టంగా ఉంటాయి. అక్కడి నుంచి సెలవుకు వచ్చిన మనిషి మెహదీపట్నంలో నిలబడి ఏ బస్సు ఏ మెట్రో స్టేషన్‌కు కలుపుతుందో తెలియక ఆటో మాట్లాడుకుంటాడు.

మెట్రో ప్రభుత్వం చేతికి రావడం వల్ల ఒక అవకాశం వచ్చింది. బస్సు, మెట్రో రెండూ ఒకే ప్రభుత్వం కింద ఉంటే ఒకే మ్యాపు, ఒకే రకం బోర్డు, ఒకే కార్డు గురించి మాట్లాడడం ఇదివరకటి కన్నా సులువు. ఆ మ్యాపులో మెట్రో ఇంకా రాని పాతబస్తీని ఖాళీగా వదలకూడదు. ఎంజీబీఎస్ నుంచి చార్మినార్, ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట వైపు వెళ్లే బస్సులను మెట్రో గీత అంత మందంగానే చూపించాలి. రైలు వచ్చేవరకు ఆ బస్సే అక్కడి మెట్రో. మ్యాపులో కనిపించని పేట అధికారుల లెక్కల్లోనూ మెల్లగా కనిపించకుండా పోతుంది.

డబ్బు మాటేంటి?

ఖర్చు గురించి అడగకుండా ఈ చర్చ పూర్తి కాదు. మెట్రో ఒప్పందంలో ప్రభుత్వం సుమారు 13 వేల కోట్ల అప్పును తన మీద వేసుకుంటోంది, ఎల్ అండ్ టీ వాటాకు సుమారు 2 వేల కోట్లు ఇస్తోంది. 2025 మేలో మెట్రో చార్జీలు పెరిగాయి. జనం వ్యతిరేకించాక పది శాతం తగ్గించి కనీసం 11, గరిష్ఠం 69 రూపాయలుగా పెట్టారు. ఆర్టీసీ విషయానికొస్తే జీరో టికెట్ల లెక్క చూపి ప్రభుత్వం నుంచి డబ్బు రాబట్టుకోవాలి. ఇలాంటి సమయంలో మెరిసే లోగో కోసం, ఆవిష్కరణ సభ కోసం డబ్బు పోస్తే జనం ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా.

కానీ ఖర్చు లేకుండా చేసే పద్ధతులున్నాయి. బస్సులకు ఎలాగూ కొన్నేళ్లకోసారి రంగు వేస్తారు. ఆ వంతు వచ్చినప్పుడే కొత్త రంగు వేస్తే అదనపు భారం పెద్దగా ఉండదు. కొత్తగా కొనే బస్సులు కొత్త రంగులోనే రావాలని టెండర్‌లోనే రాయాలి. మెట్రో బోర్డులు ఎలాగూ మార్చాల్సినప్పుడు కంపెనీ పేరు చెరిపి కొత్త పేరు అతికించడంతో సరిపెట్టకుండా, అదే ఖర్చులో కొలతలు, భాషలు, గుర్తులు సరిచేయాలి. ముందు జనం వాడే బోర్డు, నంబరు, మ్యాపు పని చూడాలి. లోగో చివర్లో వచ్చినా కొంపలు మునగవు. మన దగ్గర చాలాసార్లు ఈ వరుస తలకిందులవుతుంది. లోగో ముందు వస్తుంది, ఫొటోలు దిగుతారు, బోర్డులు అలాగే మిగిలిపోతాయి.

ఇప్పుడు ఏం అడగాలి?

కార్పొరేటర్లను, ఎమ్మెల్యేలను, ఆర్టీసీ డిపో మేనేజర్లను, మెట్రో అధికారులను అడగాల్సినవి పెద్ద జాబితా ఏం కాదు.

ఒకటి, ఏ డిజైన్ అయినా ఖరారు చేసే ముందు నమూనా బోర్డులను చార్మినార్, మెహదీపట్నం, ఇమ్లీబన్, సికింద్రాబాద్ లాంటి చోట్ల కొన్ని వారాలు పెట్టి జనం అభిప్రాయం తీసుకోవాలి. పెద్దవాళ్లను, చదువు రానివాళ్లను నిలబెట్టి "ఇది ఏ బస్సు?" అని అడిగి చూడాలి.

రెండు, రకానికి ఒక రంగు అన్న నియమాన్ని రాతపూర్వకంగా పెట్టాలి. అందులో ఏ పార్టీ రంగుల కలయికా ఉండకూడదు.

మూడు, ఉర్దూ, తెలుగు రాతల కొలతను నియమంలోనే రాయాలి. అచ్చుకు ముందు భాష తెలిసినవాళ్లు సరిచూడాలి.

నాలుగు, నగరానికి ఒకే రవాణా మ్యాపు వేయాలి. పాతబస్తీ బస్సులు అందులో మెట్రోతో సమానంగా కనిపించాలి.

ఐదు, ఖర్చెంత, ఎవరికిచ్చారు, ఎన్నేళ్లు వాడతారు అన్నది ముందే బయటపెట్టాలి.

వీటిలో ఏదీ ఒక మతం వాళ్ల కోసం ప్రత్యేకంగా అడిగేది కాదు. చుక్కలు సరిగా పడిన ఉర్దూ బోర్డు కావాలనే చేయి, ఒత్తులు చెదరని తెలుగు బోర్డు కావాలనే చేయి ఒకే అర్జీ మీద సంతకం పెట్టొచ్చు. మస్జిద్ కమిటీలు, బస్తీ సంఘాలు, కాలేజీ పిల్లలు లోగో మీద గొడవ వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే ఆ అర్జీ రాస్తే మంచిది. మెట్రో చేతులు మారే ఈ సమయంలో అడిగినదానికే విలువ. టెండర్లు పిలిచాక అదే అర్జీ ఫైళ్ల కిందికి పోతుంది.